ఖాళీ జీఎఫ్‌పీ కూడా న్యూక్లియస్‌లో వెలుగుతోంది, మరి నా ప్రోటీన్‌కి సిగ్నల్ ఉందని ఎలా తేల్చాలి?

ఉప్పల్_పిపెట్
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ రెండో సంవత్సరం చేస్తున్నాను. నేను పని చేసే ప్రోటీన్ చిన్నది, 18 కిలోడాల్టన్లు. దానికి పచ్చగా వెలిగే జీఎఫ్‌పీ అనే ప్రోటీన్ తగిలించి హీలా అనే మనిషి కణాల్లో పెట్టి కన్‌ఫోకల్ మైక్రోస్కోప్‌లో చూస్తే న్యూక్లియస్ బాగా పచ్చగా ఉంది, సైటోప్లాజంలో కూడా కొంచెం ఉంది. ల్యాబ్ మీటింగ్‌లో అందరూ ఇది న్యూక్లియర్ ప్రోటీనే అనేశారు. కానీ కంట్రోల్‌గా పెట్టిన ఖాళీ జీఎఫ్‌పీ, అంటే ఏ ప్రోటీనూ తగిలించనిది కూడా న్యూక్లియస్ నిండా ఉంది, అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. న్యూక్లియస్ లోపలికి పోవాలంటే ప్రోటీన్‌లో చిరునామా లాంటి సిగ్నల్ ఉండాలి, శక్తినిచ్చే జీటీపీ ఖర్చు కావాలి అని చదువుకున్నాం కదా. జీఎఫ్‌పీ జెల్లీఫిష్ ప్రోటీన్, దానికి మన కణంలోకి సిగ్నల్ ఎక్కడి నుంచి వచ్చింది? ఇంకో డౌట్, అసలు ఆ జీటీపీ ఎక్కడ ఖర్చవుతుంది? న్యూక్లియస్ పొరలోని రంధ్రంలోంచి (న్యూక్లియర్ పోర్) తోయడానికా? ఒక్కో చోట ఒక్కోలా రాశారు.

తార్నాక_అక్క
తమ్ముడూ, టెన్షన్ పడకు. నీ కంట్రోల్ చేయాల్సిన పని చేసింది. జీఎఫ్‌పీ 27 కిలోడాల్టన్లు. దాదాపు 40 కిలోడాల్టన్ల లోపు ప్రోటీన్లు ఏ సిగ్నలూ లేకుండా, ఎవరి సాయమూ లేకుండా, ఊరికే వ్యాపనంతోనే న్యూక్లియర్ పోర్‌లోంచి అటూ ఇటూ తిరుగుతుంటాయి. పైగా సైటోప్లాజంలో మైటోకాండ్రియా, ఈఆర్ లాంటివన్నీ చోటు ఆక్రమిస్తాయి కాబట్టి ఖాళీ జీఎఫ్‌పీ న్యూక్లియస్‌లోనే కాస్త ఎక్కువ ఉన్నట్టు కనిపించడం కూడా మామూలే.

ఆ 40 దగ్గర గట్టి గీతేమీ లేదు. బరువు పెరిగే కొద్దీ వేగం తగ్గుతూ పోతుంది, అంతే. నీ ఫ్యూజన్ 18, 27 కలిపి 45. అంటే సరిగ్గా ఏమీ తేల్చలేని చోట పడ్డావు. ఈ ఫొటోతో సిగ్నల్ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. ల్యాబ్ మీటింగ్‌లో ఈ మాట ధైర్యంగా చెప్పు, తర్వాత రివ్యూయర్ అడిగే కంటే ఇప్పుడు నువ్వే చెప్పడం నయం.

బైపీసీ_మేష్టారు
నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో కేంద్రక రంధ్రాల గుండా ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లు రెండు వైపులా కదులుతాయని ఒక్క వాక్యం ఉంటుంది. పిల్లలు అడిగేది ఏమిటంటే, రంధ్రం తెరిచే ఉంటే పెద్దవి ఎందుకు పోవు, చిన్నవి ఎందుకు పోతాయి, ఎంత పెద్దవైనా సిగ్నల్ ఉంటే ఎలా పోతాయి. క్లాసులో చెప్పేలా ఎవరైనా రాయగలరా?

ఓయూ_పాతకాపు
మేష్టారూ, నేను రాస్తాను, ఈ పాఠం చాలా ఏళ్లు చెప్పాను. ముందు రంధ్రం గురించి. దాన్ని ఉత్త కన్నం అనుకుంటే పిల్లలకి ఎప్పటికీ అర్థం కాదు. మనిషి కణంలో ఒక్క పోర్ కాంప్లెక్స్ బరువు దాదాపు 120 మెగాడాల్టన్లు, అంటే రైబోజోమ్‌కి చాలా రెట్లు. ఎనిమిది వైపులా ఒకేలా ఉండే కట్టడం. దాదాపు 30 రకాల న్యూక్లియోపోరిన్ ప్రోటీన్లు, ఒక్కోటీ చాలా కాపీలుగా చేరి, మొత్తం సుమారు 1000 ముక్కలతో కట్టుకుంటాయి. ఒక్కో న్యూక్లియస్ మీద ఇలాంటివి వేలల్లో ఉంటాయి. వాటిలో దాదాపు మూడో వంతు రకాలకి మడత పడకుండా జులపాల్లా వేలాడే పొడవాటి భాగాలుంటాయి, వాటి నిండా ఫినైల్‌అలనిన్, గ్లైసిన్ జంటలు మళ్లీ మళ్లీ వస్తాయి. మధ్యలో ఉన్న దారి అంతా ఈ పోగులే. చిన్న ప్రోటీన్ వాటి సందుల్లోంచి జారిపోతుంది. పెద్దది ఆగిపోతుంది. ఆ ఫినైల్‌అలనిన్లకు అంటుకుని, వెంటనే విడిపోయి, మళ్లీ అంటుకోగల ఉపరితలం ఉన్నదైతే ఎంత పెద్దదైనా దూరిపోతుంది. సిగ్నల్ ఉన్న సరుకుని లోపలికి మోసే ఇంపోర్టిన్లు అనే ప్రోటీన్లకు ఉన్నది సరిగ్గా ఆ గుణమే.

సిగ్నల్ కథ చెబితే పిల్లలు కదలకుండా వింటారు. 1982లో డింగ్‌వాల్, లాస్కీ కప్ప అండకణాల్లోని న్యూక్లియోప్లాస్మిన్ అనే ప్రోటీన్‌ని తీసుకున్నారు. అది అయిదు ముక్కలు కలిసిన ప్రోటీన్, ఒక్కో ముక్కకు ఒక తోక. తోకలన్నీ ఎంజైమ్‌తో కోసేసి సైటోప్లాజంలోకి ఎక్కిస్తే మిగిలిన మొండెం బయటే ఉండిపోయింది. తోకలు మాత్రం ఎక్కిస్తే లోపలికి పోయాయి. అయిదింటిలో ఒక్క తోక మిగిలినా మొత్తం లోపలికి పోయింది. ఇంకా ముఖ్యమైనది, తోకల్లేని మొండేన్ని నేరుగా న్యూక్లియస్‌లోకే ఎక్కిస్తే అక్కడే నిలిచిపోయింది. అంటే తోక పని లోపల పట్టి ఉంచడం కాదు, లోపలికి చేర్చడం. ఎంత శుభ్రమైన ప్రయోగమో చూడండి. తర్వాత 1984లో ఫెల్డ్‌హెర్ బృందం బంగారు రేణువుల చుట్టూ ఇదే ప్రోటీన్ పూసి ఎక్కిస్తే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఆ రేణువులు సరిగ్గా రంధ్రాల నడిమధ్యలో దొరికాయి. వ్యాపనంతో ఎప్పటికీ పోలేనంత పెద్ద రేణువులవి.

తార్నాక_అక్క
అదే 1984లో ఎస్‌వీ40 వైరస్‌కి చెందిన లార్జ్ టీ యాంటిజెన్ అనే ప్రోటీన్ మీద పేపర్లు కూడా వచ్చాయి సార్. దాని సిగ్నల్ ఇదీ: ప్రొలీన్, లైసిన్, లైసిన్, లైసిన్, ఆర్జినిన్, లైసిన్, వాలిన్. ఏడే ఏడు అమైనో ఆమ్లాలు. 128వ చోటున్న ఒక్క లైసిన్‌ని మారిస్తే ప్రోటీన్ మొత్తం సైటోప్లాజంలో ఉండిపోయింది. ఆ ఏడింటినీ కోడి కండరంలోని పైరువేట్ కైనేజ్‌కి అతికిస్తే, న్యూక్లియస్‌తో ఏ సంబంధమూ లేని ఆ ఎంజైమ్ లోపలికి పోయింది. @ఉప్పల్_పిపెట్, నువ్వు చేయాల్సింది కూడా ఇదే. తీసేస్తే ఆగాలి, వేరేదానికి అతికిస్తే పోవాలి. రెండూ చూపించాలి.

నాచారం_నారింజ
నేను కెమిస్ట్రీ మనిషిని, బయాలజీ తక్కువ. ఒకటి అర్థం కాలేదు. ఇంపోర్టిన్ పోగులకి అంటుకుంటూ విడిపోతూ పోతుందన్నారు, అంటే అది రెండు వైపులా సమానంగానే పోగలగాలి. మరి బయట తక్కువ, లోపల ఎక్కువ అయ్యేదాకా ప్రోటీన్ ఎలా పోగుపడుతుంది? గాఢతకు ఎదురెక్కాలంటే శక్తి పెట్టాలి. ఎక్కడ పెడుతున్నారు?

ఉప్పల్_పిపెట్
> ఎక్కడ పెడుతున్నారు?

నా డౌట్ కూడా ఇదే భయ్యా. జీటీపీ విరిగితే వచ్చే శక్తితో రంధ్రం లోపలికి నెడుతుందని మా బీఎస్సీ నోట్సులో ఉంది.

లింగంపల్లి_లామిన్
నెట్టడం అనేదే లేదు. ఈ విషయం చాలామంది నోట్సుల్లో ఇలాగే ఉంది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

క్లాసిక్ దారి తీసుకుందాం. సైటోప్లాజంలో ఇంపోర్టిన్ ఆల్ఫా సిగ్నల్‌ని పట్టుకుంటుంది, ఇంపోర్టిన్ బీటా ఆల్ఫాని పట్టుకుంటుంది, ముగ్గురూ కలిసి పోర్‌లోకి వెళ్తారు. పోగుల్లో ముందుకీ వెనక్కీ ఎటు పడితే అటు ఊగుతూ, కొన్ని మిల్లీసెకన్లలో అవతలికి చేరతారు, లేదా వచ్చిన వైపుకే తిరిగి వస్తారు. ఈ ప్రయాణంలో జీటీపీ ఒక్కటి కూడా ఖర్చు కాదు. విరగని జీటీపీ నకళ్లతో చేసిన ప్రయోగాల్లో కూడా సరుకు ఒక విడత దాటింది.

తేడా అవతలి ఒడ్డున ఉంది. రాన్ అనే చిన్న ప్రోటీన్ ఉంది, అది జీటీపీతోనో జీడీపీతోనో ఉంటుంది. జీడీపీ తీసి జీటీపీ ఎక్కించే ఆర్‌సీసీ1 క్రోమాటిన్‌కి అంటుకుని న్యూక్లియస్‌లోనే ఉంటుంది. జీటీపీని విరగ్గొట్టించే రాన్‌గ్యాప్ సైటోప్లాజంలోనే ఉంటుంది, అందులో కొంత పోర్ బయటి వైపు పోగులకే కట్టేసి ఉంటుంది. దీని వల్ల లోపల రాన్-జీటీపీ ఎక్కువ, బయట దాదాపు లేనట్టే. ఇంపోర్టిన్ బీటా లోపలికి రాగానే రాన్-జీటీపీ దానికి గట్టిగా అంటుకుంటుంది, పట్టు వదిలిపోతుంది, సరుకు లోపలే ఉండిపోతుంది. బీటా రాన్-జీటీపీతో బయటికొస్తుంది, ఆల్ఫాని క్యాస్ అనే ఎగుమతి ప్రోటీన్ ఇంకో రాన్-జీటీపీతో బయటికి తెస్తుంది. బయట రాన్‌గ్యాప్ జీటీపీని విరగ్గొడుతుంది, ఇంపోర్టిన్లు ఖాళీ అవుతాయి. ఇప్పుడు లెక్క చూడండి: ఒక సరుకు లోపలికి చేరితే రెండు జీటీపీలు ఖర్చయ్యాయి, రెండూ సరుకు దిగిపోయిన తర్వాతే, రెండూ పోర్ బయటే. జీడీపీతో మిగిలిన రాన్‌ని ఎన్‌టీఎఫ్2 మళ్లీ లోపలికి తీసుకెళ్తుంది.

@నాచారం_నారింజ, నువ్వు అడిగిన శక్తి ఇదే. రాన్ తేడాని నిలబెట్టడానికే కణం ఖర్చు పెడుతుంది. ఆ తేడాయే దిశ.

నాచారం_నారింజ
అర్థమైంది, చాలా థాంక్స్. అయితే ఆ తేడాని తిరగేస్తే దిశ తిరగబడాలి కదా? ఎవరైనా చేశారా?

లింగంపల్లి_లామిన్
చేశారు! 1999లో నాచురీ, వైస్ సరిగ్గా ఇదే చేశారు. సైటోప్లాజం వైపు రాన్-జీటీపీని ఎక్కువగా నింపి చూస్తే, మామూలుగా బయటికి పోవాల్సిన ఎగుమతి సరుకు జీటీపీ విరగకుండానే న్యూక్లియస్ లోపలికి పోయింది. అదే పోర్, అదే సరుకు. పోర్‌కి సొంతంగా లోపలా బయటా అనే పట్టింపు లేదని ఇంతకంటే గట్టిగా చూపించడం కష్టం. నేను ఈ పేపర్ మొదటిసారి చదివిన రోజు ఎదురుపడిన ప్రతి ఒక్కరికీ చెప్పాను.

బైపీసీ_మేష్టారు
చాలా బాగుంది. నేను క్లాసులో సికింద్రాబాద్ స్టేషన్ కూలీని ఉదాహరణగా చెబుదామనుకుంటున్నాను. కూలీ సామాను ఎత్తుకుని గేటు దాటి ప్లాట్‌ఫాం మీద దించి, డబ్బులు తీసుకుని ఖాళీగా బయటికొస్తాడు. సరిపోతుందా?

ఓయూ_పాతకాపు
దించే దగ్గర సరిపోతుంది మేష్టారూ, నడిచే దగ్గర సరిపోదు. కూలీ తన కాళ్లతో, తన బలంతో, ఎటు పోవాలో తెలిసి నడుస్తాడు. ఇంపోర్టిన్‌కి అది తెలియదు, అది ఎటైనా ఊగుతుంది. పిల్లలకి కూలీ గుర్తుండిపోతే నెట్టుకుంటూ పోయే శక్తి అనే తప్పు మళ్లీ తలలోకి వచ్చేస్తుంది. ఒకవేళ చెబితే ఆ తేడా కూడా అదే రోజు చెప్పండి. ఇంకో సంగతి, వీలైతే పోర్ వేగం చెప్పండి. ఒక్క పోర్ సెకనుకు దాదాపు 1000 దాటింపులు చేయగలదని 2001లో రిబెక్, గోర్లిష్ కొలిచారు. ఒకటి దాటే దాకా ఇంకోటి ఆగే పద్ధతి అయితే అంత వేగం రాదు, ఒకేసారి చాలా దాటుతుంటాయన్న మాట.

రాత్రి_డ్యూటీ
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నేను న్యూరాలజీ పీజీ రెసిడెంట్‌ని. ఇది పుస్తకాల విషయం అనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. మేం వార్డులో రోజూ ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పనిచేసేది ఈ దారిలోనే. గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ మందు లేనప్పుడు ఎక్కువగా సైటోప్లాజంలో హెచ్‌ఎస్‌పీ90 అనే ప్రోటీన్‌తో కలిసి ఉంటుంది, మందు తగిలాక నిమిషాల్లో న్యూక్లియస్‌లోకి చేరుతుంది. కిడ్నీ మార్పిడి అయినవాళ్లకి ఇచ్చే సైక్లోస్పోరిన్ దీనికి ఎదురు పని చేస్తుంది. ఎన్‌ఫ్యాట్ అనే ప్రోటీన్ మీద ఫాస్ఫేట్లు ఉన్నంత వరకు దాని సిగ్నల్ కప్పబడి ఉంటుంది, కాల్సిన్యూరిన్ వాటిని తీసేస్తేనే అది లోపలికి పోయి టీ కణాలను రెచ్చగొడుతుంది. సైక్లోస్పోరిన్ కాల్సిన్యూరిన్‌ని ఆపుతుంది, ఎన్‌ఫ్యాట్ బయటే ఆగిపోతుంది.

కండరాలను నడిపే నాడీ కణాలు చచ్చిపోయే జబ్బు ఏఎల్‌ఎస్ సంగతి నన్ను ఎక్కువ కదిలిస్తుంది. ఆ జబ్బుతో పోయినవాళ్లలో చాలా ఎక్కువ మంది నాడీ కణాల్లో టీడీపీ-43 అనే ప్రోటీన్ ఉండాల్సిన న్యూక్లియస్‌లో లేకుండా సైటోప్లాజంలో గడ్డలు కట్టి ఉంటుంది. కొన్ని కుటుంబాల్లో ఎఫ్‌యూఎస్ జీన్ మ్యూటేషన్లు సరిగ్గా సిగ్నల్ మీదే పడతాయి. 525వ చోట ప్రొలీన్ పోయి ల్యూసిన్ వస్తే, దాన్ని మోసే ట్రాన్స్‌పోర్టిన్ పట్టు సడలుతుంది, చాలా చిన్న వయసులోనే జబ్బు మొదలవుతుంది. ఒక్క అమైనో ఆమ్లం. ఇరవై ఏళ్ల పిల్లల్ని ఈ జబ్బుతో చూసినప్పుడు ఇవన్నీ పేపర్లో విషయాల్లా అనిపించవు.

తార్నాక_అక్క
డాక్టర్ గారూ, రాసినందుకు థాంక్స్. ఎఫ్‌యూఎస్ సిగ్నల్ మేం ఇందాక చెప్పిన లైసిన్ల రకం కాదని మిగతావాళ్లు గమనించాలి. అది చివర్లో ప్రొలీన్, టైరోసిన్ ఉండే ఇంకో రకం, ఇంపోర్టిన్ ఆల్ఫాతో పని లేకుండా ట్రాన్స్‌పోర్టిన్ నేరుగా పట్టుకుంటుంది. మనిషిలో ఇంపోర్టిన్ బీటా కుటుంబంలో దాదాపు 20 మంది ఉన్నారు, ఎవరి సరుకు వాళ్లది. అందుకే సాఫ్ట్‌వేర్‌లో లైసిన్ల సిగ్నల్ దొరకలేదని ప్రోటీన్‌ని వదిలేయకూడదు. దొరికిందని నమ్మేయనూ కూడదు, ఆర్‌ఎన్‌ఏకి అంటుకునే ప్రోటీన్లలో లైసిన్లు ఎలాగూ బోలెడు ఉంటాయి.

కొత్తగా_వచ్చాను
నేను నీట్‌కి చదువుతున్నాను. ఒక చిన్న ప్రశ్న. మైటోకాండ్రియాకి పోయే ప్రోటీన్ సిగ్నల్‌ని లోపలికి వెళ్లాక కోసేస్తారు అని మా సార్ చెప్పారు. దీన్ని ఎందుకు కోయరు?

ఓయూ_పాతకాపు
మంచి ప్రశ్న నాన్నా. మన కణాలు విభజన చెందేటప్పుడు కేంద్రక త్వచం విడిపోతుంది, లోపలి ప్రోటీన్లన్నీ సైటోప్లాజంలో కలిసిపోతాయి. విభజన అయ్యాక కొత్త కేంద్రకాలు ఏర్పడినప్పుడు అవి మళ్లీ లోపలికి రావాలి. సిగ్నల్ కోసేస్తే రెండోసారి ఎలా వస్తాయి? ఇంకో తేడా కూడా రాసుకో. మైటోకాండ్రియాలోకి ప్రోటీన్ మడత విప్పుకుని పోతుంది. ఇక్కడ మడతపడిన ప్రోటీన్ అలాగే పోతుంది, కలిసి ఉన్న గుంపులు కూడా పోతాయి. దాదాపు 39 నానోమీటర్ల వ్యాసం ఉన్న రేణువులు కూడా దాటాయని 2002లో పాంటే, కాన్ చూపించారు.

నాచారం_నారింజ
ఇంకొక్కటి. ఆ పోగులు నిజంగా ఎలా ఉంటాయి? జెల్ లాగా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయా, విడివిడిగా ఊగుతుంటాయా?

లింగంపల్లి_లామిన్
దీని మీద ఇప్పటికీ గొడవే. గోర్లిష్ బృందం ఫినైల్‌అలనిన్లు ఒకదానికొకటి అంటుకుని జెల్ అవుతాయంటుంది, 2006లో ఈస్ట్ ఎన్‌ఎస్‌పీ1 ముక్కతో ల్యాబ్‌లో జెల్ చేసి చూపించింది కూడా. రౌట్ వాళ్ల లెక్కలో పోగులు విడివిడిగా, వేగంగా ఊగుతూ, వాటికి అంటుకోలేని పెద్ద ప్రోటీన్లకి చోటివ్వవు. పోగుల మధ్య ఎప్పుడూ నిండి ఉండే ఇంపోర్టిన్లే అడ్డుకునే పనిలో సగం చేస్తాయని మూడో వాదం. నా అభిప్రాయం మూడో దానివైపే మొగ్గుతుంది, ఎందుకంటే బతికున్న కణంలో పోర్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు, మనం మాత్రం ఖాళీ పోగుల్ని గ్లాసులో పెట్టి కొలుస్తున్నాం.

ఓయూ_పాతకాపు
నేను ఒప్పుకోను. ఉత్త జెల్‌లోకే ఇంపోర్టిన్ వేగంగా దూరి, అంతే పరిమాణం ఉన్న వేరే ప్రోటీన్ ఆగిపోయిందంటే మూల గుణం పోగుల్లోనే ఉన్నట్టు. మిగతాది దాని మీద చేరే మెరుగు.

లింగంపల్లి_లామిన్
మూల గుణం పోగులదే సార్, అందులో తేడా లేదు. మందపాటి జెల్ ముక్కలో చూసినది ఇంత ఇరుకైన దారిలో అలాగే ఉంటుందా అన్నదే నా పట్టు. దీనికి వేరే థ్రెడ్ తెరుద్దాం, తమ్ముడి ప్రశ్న పక్కకి పోతోంది.

ఉప్పల్_పిపెట్
లేదు లేదు, ఇదంతా నాకు పనికొస్తోంది. ఇంత చదివాక నా ప్లాన్ ఇది: ముందు నా ప్రోటీన్‌కి ఒక జీఎఫ్‌పీ బదులు వరసగా మూడు పెడతాను, అప్పుడు దాదాపు 100 కిలోడాల్టన్లు అవుతుంది. మూడు జీఎఫ్‌పీలే ఉన్న కంట్రోల్, మూడు జీఎఫ్‌పీలకు ఎస్‌వీ40 సిగ్నల్ ఉన్న కంట్రోల్. నా ప్రోటీన్‌లో 60వ అమైనో ఆమ్లం దగ్గర నాలుగు లైసిన్లు గుంపుగా ఉన్నాయి, వాటిని అలనిన్లు చేస్తాను. ఇంకేమైనా వదిలేశానా?

తార్నాక_అక్క
ఒకటి వదిలేశావు. నీది చిన్న ప్రోటీన్. వ్యాపనంతోనే లోపలికి పోయి, డీఎన్‌ఏకో ఆర్‌ఎన్‌ఏకో అంటుకుని అక్కడే ఉండిపోయినా ఫొటోలో న్యూక్లియర్‌గానే కనిపిస్తుంది. అప్పుడు లైసిన్లు మార్చినా అంటుకోవడం పోతుంది కాబట్టి ప్రోటీన్ బయటికి వస్తుంది, నువ్వు సిగ్నల్ పోయిందని రాసేస్తావు. అందుకే ఆ లైసిన్ల ముక్కని మాత్రం విడిగా మూడు జీఎఫ్‌పీలకి అతికించి చూడు. రసాయనంతో ఫిక్స్ చేయని బతికున్న కణాల్లోనే చూడు, ఫిక్సేషన్‌లో చిన్న ప్రోటీన్లు కదిలిపోతాయి.

దాని తర్వాత వీలైతే డిజిటోనిన్ ప్రయోగం. 1990లో ఆడమ్, మార్, గెరేస్ మొదలుపెట్టిన పద్ధతి. డిజిటోనిన్ కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండే కణత్వచానికి కన్నాలు పెడుతుంది, న్యూక్లియస్ త్వచాన్ని వదిలేస్తుంది. సైటోప్లాజం కారిపోయాక నువ్వు కావలసినవి పోస్తావు: ఇంపోర్టిన్లు, రాన్, ఎన్‌టీఎఫ్2, శక్తి మిశ్రమం, రంగు తగిలించిన నీ ప్రోటీన్. ఒక్కోటి తీసేసి చూస్తే ఏది కావాలో తేలిపోతుంది. గోధుమ మొలక లెక్టిన్ పోస్తే అది న్యూక్లియోపోరిన్ల మీది చక్కెరలకి అంటుకుని చురుకైన రవాణాని ఆపేస్తుంది, చిన్నవాటి వ్యాపనం మాత్రం సాగుతుంది. నీ 45 కిలోడాల్టన్ల గొడవకి ఇదే నేరుగా జవాబు.

ఉప్పల్_పిపెట్
డిజిటోనిన్ ఎంత పెట్టాలి అక్కా? మా దగ్గర ఎవరూ చేయలేదు.

తార్నాక_అక్క
హీలాకి మిల్లీలీటర్‌కి 40 మైక్రోగ్రాముల దగ్గర మొదలుపెట్టి, ఐసు మీద అయిదు నిమిషాలు. కానీ కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ మళ్లీ చూసుకోవాలి, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ బలం మారుతుంది. న్యూక్లియస్ త్వచం బాగుందో లేదో తెలుసుకోవడానికి 70 కిలోడాల్టన్ల రంగు డెక్స్‌ట్రాన్ పోసి చూడు, అది బయటే ఉండి న్యూక్లియస్ నల్లటి గుండ్రంలా కనిపించాలి. లోపలికి వచ్చిందంటే ఆ స్లైడ్ పడేయ్. ఇంపోర్టిన్ ప్లాస్మిడ్లు నా దగ్గర ఉన్నాయి, సోమవారం మధ్యాహ్నం తర్వాత వచ్చి తీసుకెళ్లు, ఐసు డబ్బా నువ్వే తెచ్చుకో.

లింగంపల్లి_లామిన్
రాన్ కూడా కావాలంటే జీడీపీ ఎక్కించింది నా దగ్గర ఫ్రీజర్‌లో ఉంది. మెసేజ్ పెట్టు.